గండిపేట ఎందుకు ఖాళీగా ఉండాలి?

హైదరాబాద్ చరిత్ర కోసం వెతుకుతూ చదివిన కాగితాల్లో నన్ను ఎక్కువకాలం వెంటాడింది ఏ నిజాం ఫర్మానో కాదు, 2022 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 69. ఉస్మాన్‌సాగర్ (జనం నోట్లో గండిపేట), హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలనీలు, పెద్ద హోటళ్ళు, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు వద్దంటూ 1996లో జీవో 111 పెట్టిన ఆంక్షల్ని అది ఎత్తేసింది. చెప్పిన కారణాల్లో ఒక అంకె ఉంది. నగరం వాడే నీళ్ళలో ఈ రెండు జలాశయాల వాటా ఇప్పుడు 1.25 శాతం కూడా లేదట.

అంకెతో నాకు పేచీ లేదు. మన నల్లాల్లోకి కృష్ణ, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్ల పైనుంచి పంపులెక్కి వస్తున్నాయి. నా పేచీ ప్రశ్నతో. ఈ జలాశయాల్ని కట్టింది తాగునీటి కోసమేనా?

1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడింది. చనిపోయినవాళ్ళు పదిహేను వేలమంది అని సాధారణంగా చెప్పే అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గరి ఆసుపత్రి కొట్టుకుపోయింది. వంతెనల్లో పురానాపూల్ ఒక్కటే రెండు ఒడ్లనీ కలుపుతూ మిగిలింది. ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది బతికారంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన ఇక్కడ ఉన్నది కొన్ని నెలలే, ఆ ఏడాది చివరికి మైసూరుకి చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయాడు. కానీ ఆ కొన్ని నెలల్లో చేసిన పని చూస్తే నాకు వృత్తిరీత్యా అసూయ. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయని లెక్క తీశాడు. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే ఆ నీళ్ళన్నీ కిందిదాని మీద పడతాయి, అదీ తెగుతుంది. ఒక సర్వర్ పడిపోయి, దాని బరువంతా పక్కదాని మీద పడి, అదీ కూలి, రాత్రి రెండింటికి ఫోన్ మోగిన అనుభవం ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో గోడలు లేపితే చాలదు, నీళ్ళని ఊరికి రాకముందే ఆపాలి, కాసేపు పట్టి ఉంచి మెల్లగా వదలాలి అన్నది ఆయన సలహా. మూసీ మీద ఒక ఆనకట్ట, లంగర్‌హౌజ్ దగ్గర దాన్లో కలిసే ఈసీ మీద ఇంకొకటి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి.

అంటే ఇవి మొదట వరదని పట్టే పాత్రలు. తాగునీరు వెంట వచ్చిన లాభం. చిన్న లాభమేమీ కాదు. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్ దాకా నీళ్ళు పంపు అవసరం లేకుండా వాలుకే వచ్చేవి. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు వదలడన్న మాట ఊరికే పుట్టలేదు.

భవనాలూ ఈ కథలోవే. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలంలో మూసీ ఒడ్డున హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. వాటి వెనక ఉన్న విన్సెంట్ ఎష్ పేరు, ఆ గుమ్మటాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నన్ను ఆపింది అవి నిలబడ్డ చోటు. పన్నెండేళ్ళ కింద ఊరు మునిగిన ఒడ్డునే న్యాయస్థానాన్నీ, రోగుల్నీ పెట్టారు! పైన ఆనకట్ట ఉందన్న ధైర్యం లేకుండా ఎవరైనా ఆ పని చేస్తారా? హైకోర్టు, గండిపేట ఆనకట్ట దాదాపు ఒకేసారి పూర్తవడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. (ఆసుపత్రి పాత భవనాన్ని చివరికి ఖాళీ చేయించింది నది కాదు. 2020 జులైలో వార్డుల్లోకి చేరిన వాననీళ్ళు.)

ఇప్పుడు అసలు చిక్కుకి వస్తాను. వరదని ఆపాలంటే జలాశయంలో చోటుండాలి. తాగడానికైతే నిండుగా ఉండాలి. ఒకే పాత్రకి రెండు వ్యతిరేకమైన పనులు. గండిపేటలో పట్టేది 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌లో మూడుకి కొంచెం తక్కువ. సెప్టెంబర్ నాటికి అవి నిండి ఉంటే, పైనుంచి వచ్చిందంతా వచ్చినట్టే కిందకి వదలాలి. 2025 సెప్టెంబర్ 26 రాత్రి రెండుచోట్లా గేట్లెత్తి నీళ్ళు వదిలాక మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది, ప్రయాణికులు చిక్కుకుపోయారు. 1908 వరద తేదీకి అటూఇటూగా రెండు రోజులు.

కాబట్టి 1.25 శాతం అన్న అంకెకి నేను వేరే అర్థం చెప్పుకుంటాను. తాగునీటి అవసరం తగ్గింది గనక ఈ జలాశయాల్ని వానాకాలంలో ఇంకాస్త ఖాళీగా ఉంచే వీలు వందేళ్ళలో మొదటిసారి దొరికింది. ఆ వీలు దొరికిన సమయంలోనే ఎగువ నేలకి కాంక్రీటు పరిస్తే పడ్డ వాన ఇంకక ఇంకా వేగంగా వచ్చి చేరుతుంది. తమాషా ఏమిటంటే జీవో 111ని వెనకేసుకొచ్చినవాళ్ళూ, సుప్రీంకోర్టు ఎం.వి. నాయుడు కేసుతో సహా, ప్రధానంగా తాగునీటి మాటే ఎత్తారు. ఆ ఒక్క కారణం మీద నిలబెట్టిన రక్షణ, ఆ కారణం పలచబడగానే ఒరిగింది.

ఆ పది కిలోమీటర్ల లోపలే చిలుకూరు ఉంది. మా ఆఫీసులో ఆ పేరు వీసా బాలాజీ వల్ల తెలియనివాళ్ళు లేరు, దగ్గర్లోని మృగవని జాతీయ ఉద్యానం తెలిసినవాళ్ళు ఇద్దరు. మూడున్నర చదరపు కిలోమీటర్ల చిన్న అడవి, చుక్కల దుప్పులు, కణుతులు, నెమళ్ళు. దాన్ని కాపాడింది కంచె ఒక్కటే కాదనీ, చుట్టూ పొలాలు పొలాలుగా ఉండిపోవడం కూడాననీ నా అనుమానం. పొలాలు పోతే ఏమవుతుందో చూడాలంటే జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు ఉంది. నెమళ్ళు ఉన్నాయి, వాటి చుట్టూ గిరగిరా తిరిగే కార్లూ ఉన్నాయి.

అయితే ఆ పొలాలు ఎవరివి? దగ్గర్లోని కోకాపేటలో 2023 వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఈవైపు రైతు పాతికేళ్ళకి పైగా తన నేలని అలా అమ్ముకోలేకపోయాడు. దిగువన అఫ్జల్‌గంజ్ మునగకుండా ఉండటానికి చేవెళ్ళవైపు రైతు ఎందుకు నష్టపోవాలని ఆయన అడిగితే, పర్యావరణం పేరు చెప్పి నోరు మూయించడం అన్యాయం. ఆ నష్టానికి నగరం ఏటా కొంత అద్దె కట్టాలి, ఆస్తిపన్నులోంచో నీటి బిల్లులోంచో. నా ఫ్లాట్ బిల్లులో ఎంత పెరుగుతుందో లెక్క వేద్దామని కూర్చున్నాను. 84 గ్రామాల్లో ఒక లక్షా ముప్పైరెండు వేల ఎకరాలు. ఎకరానికి ఎంత అన్న గడి దగ్గర నా ఎక్సెల్ షీటు ఆగిపోయి ఉంది.