ఓకే: తప్పు స్పెల్లింగులో పుట్టిన మాట

మార్చి 23 అనగానే భారతీయులకు మొదట గుర్తుకొచ్చేది 1931లో ఆ రోజున భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లు ఉరికంబమెక్కిన ఘట్టం. భాషా చరిత్రలో అదే తేదీకి మరొక గుర్తింపు ఉంది. అంతకు 92 ఏళ్ల ముందు, 1839 మార్చి 23న, అమెరికాలోని బోస్టన్ నగరంలో వెలువడిన ఒక దినపత్రిక రెండో పేజీలో ‘ఓ.కె.’ అనే రెండక్షరాలు అచ్చయ్యాయి. ఆటో బేరం దగ్గర నుంచి ఆఫీసు ఫైలు దాకా తెలుగువారి నోట కూడా అలవోకగా వచ్చే ‘ఓకే’కు ఆధారంగా పండితులు చూపే తొలి అచ్చు అదే. ఇంగ్లిషు పొడి అక్షరాలు ఎలా పుడతాయో, చాలావరకు ఎందుకు రాలిపోతాయో, ఏ కొన్ని మాత్రం మాటలుగా మారి బతుకుతాయో ఈ రెండక్షరాల కథలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

మాటను కుదించి రాయడం ఇంగ్లిషువారు కనిపెట్టిన విద్య కాదు. రాతి పలకల మీద చోటు చాలక రోమన్లు ‘రోము సెనేటు, ప్రజలు’ అనే అర్థమిచ్చే మాటలను ఎస్.పి.క్యూ.ఆర్. అని చెక్కించారు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో సిసిరో కార్యదర్శి టైరో పేరుతో ఒక సంక్షిప్త లేఖన పద్ధతే నిలిచిపోయింది (ఈ వాక్యం మొదట ఉన్న ‘క్రీ.పూ.’ కూడా పొడి అక్షరాలే). మధ్యయుగాల మఠాల్లోని లేఖకులు తోలుపత్రం ఖరీదైనది కనుక ఆ అలవాటును కొనసాగించారు. మధ్యాహ్నానికి ముందు, తరువాత అని చెప్పే ఏఎం, పీఎంలు లాటిన్ నుంచీ, ఆహ్వానపత్రం అడుగున ‘దయచేసి బదులివ్వండి’ అని కోరే ఆర్.ఎస్.వి.పి. ఫ్రెంచి నుంచీ ఇంగ్లిషుకు చేరినవే. అయితే ఆ పాత సంక్షేపాలు ఎక్కువగా చేతికీ కంటికీ సంబంధించినవి, రాసేటప్పుడు ‘ఎల్.బి.’ అని రాసినా చదివేటప్పుడు ‘పౌండు’ అనే చదివేవారు. అక్షరాలనే పైకి పలికి, వాటినే మాటగా వాడుకునే సరదా జనంలోకి పాకిన కాలాన్ని వెతికితే బోస్టన్ దగ్గర ఆగవలసి వస్తుంది.

1838 వేసవి నుంచి బోస్టన్ పత్రికల్లో పొడి అక్షరాల వేడుక మొదలైంది. పనికిరాదనడానికి ఎన్.జి., లెక్కలోకి రాని సరుకును ‘చిన్న బంగాళాదుంపలు’ అనే వాడుక ఉండడంతో దానికి ఎస్.పి. అని రాసేవారు. ఆ సరదా అక్కడితో ఆగక, మాటను ముందు కావాలని తప్పుగా రాసి, ఆ తప్పులోంచి మొదటి అక్షరాలు ఏరుకునేదాకా వెళ్లింది. ‘ఆల్ రైట్’ అనే మాటల మొదటి అక్షరాలు నిజానికి ఏ, ఆర్. చదువురానివాడు చెవికి వినిపించినట్టు రాశాడనుకొని వాటిని ఓ.డబ్ల్యు. చేశారు. ‘ఆల్ కరెక్ట్’, అంటే అంతా సరిగ్గా ఉంది అనే మాటల మొదటి అక్షరాలు ఏ, సి. అదే వరసలో అవి ఓ.కె. అయ్యాయి.

ఆ తొలి అచ్చు వెనుక సందర్భం అంతకన్నా ముచ్చటైనది. భోజనాల గంటలు మోగించరాదని బోస్టన్ పురపాలకులు నిబంధన పెడితే, దానిని ఎదిరించడానికి కొందరు సరదారాయుళ్లు ‘గంటల వ్యతిరేక సంఘం’ అనే పేరుతో కూటమి కట్టి, దానినీ ఏ.బి.ఆర్.ఎస్. అనే పొడి అక్షరాలతోనే పిలుచుకున్నారు. సంఘ సభ్యుల ప్రయాణం గురించి ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్‌కూ ప్రావిడెన్స్ పట్టణపు పత్రికా సంపాదకుడికీ మధ్య మాటల చెమక్కులు నడిచాయి. సభ్యులు ఆ ఊరి మీదుగా తిరిగివస్తే అక్కడి సంపాదకుడు ‘ఓ.కె.’గా ఆతిథ్యమిస్తాడనీ, సీసాల బిరడాలు ఎగురుతాయనీ గ్రీన్ రాశాడు. పాఠకులకు తెలియదేమోనన్న శ్రద్ధతో ఆ రెండక్షరాల పక్కనే అర్థం కూడా ఇచ్చాడు. ఆ వివరణ లేకపోతే ఈ మాట పుట్టుక చిక్కుముడిగానే మిగిలేది.

ఆనాటి మిగిలిన పొడి అక్షరాలు చాలావరకు వాడిపోగా, దీనిని 1840 నాటి అధ్యక్ష ఎన్నికలు బతికించాయి. రెండోసారి పోటీ చేస్తున్న మార్టిన్ వాన్ బ్యూరెన్ స్వగ్రామం న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ కావడంతో ఆయనకు ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే ముద్దుపేరు ఉండేది. ఆ రెండు మాటల మొదటి అక్షరాలు కూడా ఓ, కె. కనుక న్యూయార్క్ డెమొక్రాట్లు ‘ఓ.కె. క్లబ్బు’ పెట్టి, అదే నినాదంగా ప్రత్యర్థుల సభల మీదికి వెళ్లారు. ప్రత్యర్థులు ఆ అక్షరాలకు విపత్తు అనీ, ఖాళీ ఖజానా అనీ విపరీతార్థాలు కల్పించడమే కాక, వాన్ బ్యూరెన్‌కు ముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ స్పెల్లింగు రాక కాగితాల మీద ఓ.కె. అని రాసేవాడని పుకారు పుట్టించారు. ఎన్నికల్లో వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు గాని, ఊరూరా మారుమోగిన ఆ రెండక్షరాలు నిలిచిపోయాయి.

మాట ఊరు దాటేసరికి దాని పుట్టుక మరుగున పడింది. ఎవరికి తోచిన మూలం వారు చెప్పసాగారు. చోక్టా అనే అమెరికా ఆదివాసుల భాష నుంచి వచ్చిందని నమ్మిన అధ్యక్షుడు వుడ్రో విల్సన్, తాను ఆమోదించిన కాగితాల మీద ‘ఓకే’ను ఆ భాషకు తగిన వర్ణక్రమంతో రాసేవాడు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలను పేజీ పేజీ గాలించి, 1963, 1964 సంవత్సరాల్లో ‘అమెరికన్ స్పీచ్’ పత్రికలో వరుస వ్యాసాలు రాసి, ఊహలను పక్కకు నెట్టి తేదీతో సహా ఆధారం చూపాడు. ఒక చిన్న మాట కోసం ఇంత ఓర్పు పట్టిన పరిశోధన ఏ భాషకైనా భాగ్యమే.

ఆ తరువాతి చరిత్రకు ఇంతటి వరస కుదరదు. మాటకింత అని రుసుము వసూలు చేసిన టెలిగ్రాఫు కుదింపును డబ్బు లెక్కగా మార్చింది. మన దేశంలో ఆ సేవ 2013 జులైలో ముగిసింది. ‘ఓ.ఎం.జి.’ (ఓ మై గాడ్) సెల్‌ఫోను తరం సృష్టి అని చాలామంది భావిస్తారు గాని, 1917 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకాదళ మాజీ అధిపతి లార్డ్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలోనే అది కనిపిస్తుంది. తొలి ఎస్‌ఎంఎస్ 1992 డిసెంబరు 3న వెళ్లింది. ఒక సందేశానికి 160 అక్షరాలే పరిమితి కావడంతో మాటలు మళ్లీ కుంచించుకుపోయాయి. ఈమెయిలులో కనిపించే ‘సీసీ’ అంటే కార్బన్ కాపీ. టైపు మిషనులో రెండు తెల్ల కాగితాల మధ్య నల్లని కార్బన్ కాగితం పెట్టి గట్టిగా కొడితే కింది కాగితం మీద పడే, అడుగుకు పోయేకొద్దీ మసకబారే ఆ ప్రతిని ఎన్నడూ చూడని యువ ఉద్యోగులు కూడా రోజూ ‘సీసీలో పెట్టండి’ అనే అంటున్నారు.

తెలుగు నేల మీద పొడి అక్షరాలు మరింత గట్టిగా పాతుకున్నాయి. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు వచ్చిన మండల రెవెన్యూ అధికారి హోదా ఆ తరువాత తిరిగి తహసీల్దారుగా మారినా, పల్లె రైతుకు అది నేటికీ ఎమ్మార్వో ఆఫీసే. గవర్నమెంట్ ఆర్డర్ అనే మాట ‘జీవో’గా కుదురుకొని, ‘జీవోలు’ అని తెలుగు బహువచనం కూడా తెచ్చుకుంది. ఆ జీవో నంబరుకు ముందుండే ‘ఎం.ఎస్.’ మాన్యుస్క్రిప్ట్‌కు, అంటే చేతిరాత ప్రతికి గుర్తు. కంప్యూటరులో టైపై, సంతకం సైతం డిజిటల్‌గా పడి వెలువడే ఉత్తర్వు నెత్తిన కూడా ఆ రెండక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.