ప్రత్యక్ష ఫోన్-ఇన్ పాడ్‌కాస్టింగ్

శ్రోతలు టెలిఫోను ద్వారా పాల్గొనే సంభాషణను అంతర్జాలంలో ప్రత్యక్షంగా వినిపిస్తూ, ఏకకాలంలో దానిని ధ్వనిముద్రణ చేసి, కార్యక్రమం ముగిసిన పిమ్మట పాడ్‌కాస్ట్‌గా అందజేసే పద్ధతిని ప్రత్యక్ష ఫోన్-ఇన్ పాడ్‌కాస్టింగ్ అంటారు. ఆకాశవాణి శ్రోతలకు చిరపరిచితమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి ఇది అంతర్జాల రూపం. అయితే దీనికి స్టూడియో గానీ, ఇంజనీరు గానీ అవసరం లేదు. ఒక టెలిఫోను, ఒక కంప్యూటరు ఉంటే చాలు. 2006లో అమెరికాలో ప్రారంభమైన టాక్‌షూ, బ్లాగ్‌టాక్‌రేడియో ఈ తరహా సేవలలో పేరెన్నికగన్నవి.

నేపథ్యం

పాడ్‌కాస్టింగ్ అనే పదాన్ని 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్‌స్లీ గార్డియన్ పత్రికలో వాడాడు. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ 4.9లో పాడ్‌కాస్ట్‌లకు చోటు కల్పించడంతో ఈ ప్రక్రియ సామాన్యులకు చేరువైంది. కానీ అది ఏకముఖ ప్రసంగమే. శ్రోత గొంతును ముద్రణలోకి తేవాలంటే రేడియో కేంద్రాలలో టెలిఫోన్ హైబ్రిడ్ అనే పరికరాన్ని వాడతారు. ఒకే తీగ జతపై వచ్చే, పోయే ధ్వనులను అది వేరుచేస్తుంది. ఇంట్లో కూర్చొని పాడ్‌కాస్ట్ చేసే వ్యక్తికి ఇంత సరంజామా భారమే.

అలన్ లెవీ పూర్వం అకౌంటెంటుగా, ఆపై టెలికాం రంగంలోనూ పనిచేశాడు. అస్వస్థుడైన తన తండ్రి పరిస్థితిని బంధుమిత్రులకు తెలియజేయడానికి ఒక బ్లాగు ప్రారంభించి, ఆ అనుభవంతోనే బ్లాగ్‌టాక్‌రేడియోను నెలకొల్పాడు.

పనిచేసే విధానం

నిర్వాహకుడు తనకు కేటాయించిన నంబరుకు ఫోను చేసి కార్యక్రమాన్ని ప్రారంభిస్తాడు. అతని కంప్యూటరు తెరపై ఒక స్విచ్‌బోర్డు కనిపిస్తుంది. ఫోను చేసిన శ్రోతల నంబర్లు వరుసగా అందులో చేరతాయి. ఎవరి గొంతు తెరవాలో, ఎవరిని వేచి ఉంచాలో నిర్వాహకుడే మౌస్‌తో నిర్ణయిస్తాడు. ధ్వనులను కలపడం, ప్రసారం, ముద్రణ సంస్థ సర్వర్లలోనే జరుగుతాయి. ముగిసిన తరువాత ఎంపి3 ఫైలు తయారై ఆర్ఎస్ఎస్ ఫీడులో చేరుతుంది. టాక్‌షూలో శ్రోత మొదట పశ్చిమ పెన్సిల్వేనియాకు చెందిన 724 కోడ్ గల నంబరుకు చేసి, పిదప కార్యక్రమ సంఖ్యను నొక్కవలసి ఉండేది.

ఆలస్యం

కొత్తవారిని మిక్కిలి తికమకపెట్టేది ఇదే. టెలిఫోనులో మాట దాదాపు తక్షణమే వినిపిస్తుంది. అంతర్జాల ప్రసారం మాత్రం కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం వెనుకబడి ఉంటుంది. శ్రోత కంప్యూటరు శబ్దం తగ్గించకుండా ఫోనులో మాట్లాడితే, తాను అన్న మాటే వెనుకనుండి వినబడి తడబడతాడు. ఆ ప్రతిధ్వని ముద్రణలో కూడా చేరి, తరువాత వినేవారిని విసిగిస్తుంది. కాబట్టి "స్పీకరు కట్టేసి ఫోనులోనే వినండి" అని ప్రతి శ్రోతకూ ముందే చెప్పడం నిర్వాహకుని మొదటి విధి. ఎన్నిసార్లు చెప్పినా మరచేవారు ఉంటూనే ఉంటారు.

ధ్వని నాణ్యత

సాంప్రదాయిక టెలిఫోను సుమారు 300 నుండి 3400 హెర్ట్జ్ వరకు గల ధ్వనిని మాత్రమే మోస్తుంది. స వంటి ఊష్మాక్షరాల శక్తిలో అధికభాగం 4000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది గనుక అవి అస్పష్టమవుతాయి. అందుకే ఊరి పేర్లు, ఇంటిపేర్లు మళ్ళీ చెప్పించుకోవడం మంచిది. పద్యపఠనానికి ఈ మాధ్యమం అంతగా నప్పదు.

భారతదేశం నుండి పాల్గొనడం

ఈ సేవల నంబర్లు ప్రధానంగా అమెరికావి. అక్కడి శ్రోతకు స్థానిక కాలైనది ఇక్కడివారికి ఐఎస్‌డీ ఖర్చు. కాలభేదం మరొక చిక్కు: న్యూయార్కులో శనివారం రాత్రి 9 గంటలంటే హైదరాబాదులో ఆదివారం ఉదయం వేసవిలో 6:30, శీతాకాలంలో 7:30. అక్కడ గడియారాలు మార్చిన వారం ఒక గంట ముందుగానో ఆలస్యంగానో ఫోను చేయడం సులభంగా జరిగే పొరపాటు.

తరువాతి సేవలు, నిలువ సమస్య

2020లో వచ్చిన క్లబ్‌హౌస్ ఫోను నంబరును తొలగించి, యాప్‌లోనే చేయి ఎత్తి మాట్లాడే ఏర్పాటు చేసింది. 2021 మేలో ఆండ్రాయిడ్‌కు విస్తరించాక తెలుగువారు కూడా అందులో సాహిత్య, సినిమా, రాజకీయ చర్చలు సాగించారు. అయితే మొదట్లో సంభాషణను భద్రపరచే సౌకర్యం అందులో లేదు. అది 2021 చివరిలో వచ్చింది. స్పాటిఫై 2021లో తెచ్చిన ఇటువంటి సేవ 2023లోనే మూతపడింది. అమెజాన్ 2022లో ప్రారంభించిన ఆంప్ గతి కూడా అంతే.

బ్లాగ్‌టాక్‌రేడియో 2025 జనవరి చివరలో నిలిచిపోయింది. సుమారు పద్దెనిమిదేళ్ళ కార్యక్రమాలలో, నిర్వాహకులు స్వయంగా దించుకున్నవే వారి చేతిలో మిగిలాయి. ఫోను చేసి మాట్లాడిన శ్రోతల వద్ద సాధారణంగా ప్రతి ఉండదు. వారిలో కొందరు ఇప్పుడు జీవించి లేకపోవచ్చు. వారి కుటుంబాలకు ఆ గొంతు అమూల్యం. ప్రతి కార్యక్రమం ముగిసిన రోజే ఎంపి3 ఫైలును సొంత డిస్కులోకి దించి, తేదీ, పాల్గొన్నవారి పేర్లు రాసి ఉంచుకోవడం ఉత్తమం. ఫీడు చిరునామాను సొంత డొమైన్‌పై ఉంచుకుంటే సేవ మారినా చందాదారులు చెదరిపోరు. మూతపడిన సేవ నుండి ఫీడును దారి మళ్ళించడం సాధ్యం కాదు గనుక ఈ ఏర్పాటు ముందే చేసుకోవాలి.