హైదరాబాదు ఎత్తు, మా సున్నపురాయి

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ నేల నుంచి మినారు కొస దాకా సుమారు 56 మీటర్లు. ఇప్పుడు కోకాపేటలో లేచిన ఎస్ఏఎస్ క్రౌన్ టవర్లు దాదాపు 235 మీటర్లు. చార్మినార్ మీద చార్మినార్ పేర్చుకుంటూ నాలుగు పెట్టినా ఇంకా మూడంతస్తులు మిగులుతాయి. ఈ రెండింటి మధ్య 430 ఏళ్లు గడిచాయి. అందులో మొదటి నాలుగు వందల ఏళ్లు ఈ నగరానికి ఎత్తు మీద యావే లేదు. పెరిగిందంతా చివరి ఇరవై ఏళ్లలోనే.

ఇంజినీరింగు తెలియక ఆగిందా, డబ్బు లేక ఆగిందా అంటే రెండూ కాదు. హైదరాబాదు ఎంత ఎత్తు పెరగాలో తేల్చినవి జీవోలు, ఎకరం ధరలు. ఆ ఎత్తుకు కావాల్సిన సిమెంటులో పెద్ద వాటా మాత్రం మా హుజూర్‌నగర్ చుట్టుపక్కల నేలలోంచి పోయింది. అందుకే ఈ కథను రాజధానిలో కూర్చుని కాక, ఇక్కడినుంచి వెనుదిరిగి చూస్తే బాగుంటుంది.

చార్మినార్‌లో సిమెంటు లేదు. నల్లరాయి, సున్నం, గచ్చు. ఆ కాలపు సున్నం పని ఓపికతో కూడింది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరగబెట్టి, ఇసుక కలిపి గానుగలో వేసేవారు. గుండ్రంగా తవ్విన కాలువలో రాతిచక్రాన్ని ఎద్దు తిప్పుతుంటే సున్నం వెన్నలా నలిగేది. అదే డంగు సున్నం. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి మాగబెట్టిన తర్వాతే గోడకెక్కేది. సిమెంటులా గంటల్లో బిగుసుకోదు. గాలి పీల్చుకుంటూ ఏళ్ల తరబడి రాయిగా మారుతుంది. 2019 మే నెలలో ఒక మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడితే నగరమంతా ఉలిక్కిపడింది. నాలుగు శతాబ్దాల వానలకు, బస్సుల అదురుకు తట్టుకున్న కట్టడంలో ఊడింది పైపూత మాత్రమే. మన అపార్టుమెంట్ల గోడలు పదేళ్లకే ఉబ్బిపోవడం చూస్తున్నవాళ్లకు ఆ గానుగ ఎద్దు మీద గౌరవం కలగక మానదు.

కుతుబ్ షాహీలకు కోట కోసం కొండ ఉంది. గోల్కొండ బాలాహిస్సారు ఎక్కితే నగరమంతా కనిపిస్తుంది. ఇక మేడలెందుకు? తర్వాత వచ్చిన ఆసఫ్ జాహీలదీ అదే తీరు. ఫలక్‌నుమా అంత ఎత్తున కనిపించేది గుట్ట మీద కూర్చోవడం వల్లే. 1908లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి రోడ్లు వెడల్పు చేశారు, ఇరుకు బస్తీలు తీసి కొత్త ఇళ్లు కట్టారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, 1935లో మొజంజాహీ మార్కెట్, 1939లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ అన్నీ వెడల్పుగా పరుచుకున్న కట్టడాలే. ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే తల పైకెత్తనక్కర్లేదు, ఎడమ నుంచి కుడికి తిప్పితే చాలు. అప్పటికే నిజాం రాజ్యంలో షహాబాద్‌లో సిమెంటు ఫ్యాక్టరీ నడుస్తోంది. కావాలంటే ఎత్తుగా కట్టగలిగేవారే. అవసరం పడలేదు.

అంతకు ముందే అమెరికాలో వేరే కథ మొదలైంది. 1871 అగ్నిప్రమాదంలో బూడిదైన షికాగో తిరిగి కట్టుకుంటూ 1885లో హోమ్ ఇన్సూరెన్స్ భవనాన్ని లేపింది. పది అంతస్తులు, 42 మీటర్లు. మన చార్మినార్ కంటే పొట్టిదే. కానీ బరువును గోడలు కాక లోపలి ఇనుప చట్రం మోసేలా విలియం లీ బారన్ జెన్నీ గీసిన ఆ నమూనానే ప్రపంచం తొలి ఆకాశహర్మ్యంగా చెప్పుకుంటుంది. ఒకవైపు సరస్సు, మిగతా వైపుల నది, రైలు పట్టాలు. షికాగో వ్యాపార కేంద్రానికి పక్కకు జరిగే చోటు లేక అది పైకి పోయింది. నేల చూస్తే మెత్తటి బంకమన్ను, గట్టిరాయి ఎక్కడో లోతున. అలాంటి మట్టి మీద నిలబడి 1974 నాటికి 442 మీటర్ల సియర్స్ టవర్ దాకా వెళ్లారు. దాని చట్రానికి లెక్క కట్టిన ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లూర్ రహ్మాన్ ఖాన్.

హైదరాబాదు నేల దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కొన్ని అడుగులు తవ్వితే నల్లరాయి. భూకంపాల లెక్కలో కూడా తక్కువ ప్రమాదమున్న రెండో జోన్. ఎత్తు భవనానికి ఇంతకంటే మంచి పునాది దొరకదు. కానీ నాలుగు దిక్కులా దక్కన్ పీఠభూమి చదునుగా పరుచుకుని ఉంటే పైకి పోవాల్సిన గరజు ఎవరికి?

షికాగో గురించి ఇంకో ముక్క చెప్పాలి, మనవాళ్లు సాధారణంగా వదిలేసేది. ఆకాశహర్మ్యాన్ని కనిపెట్టిన ఆ ఊరే ఎనిమిదేళ్లు తిరగకుండా, 1893లో, భవనాలు 130 అడుగులు మించరాదని చట్టం చేసుకుంది. న్యూయార్కు 1916లో పై అంతస్తులు వెనక్కి జరిగి వీధిలోకి వెలుతురు వదలాలని నిబంధన పెట్టింది. ఆ పరిమితులు తర్వాత మారాయి, సడలాయి. కానీ ఎత్తు, వీధి, వెలుతురు ఒకదానికొకటి కట్టుబడి ఉండాలన్న ఆలోచన మాత్రం అక్కడ మొదట్లోనే పుట్టింది.

మన ప్రాంతంలో ఎత్తు కట్టడమంటే మొదట గుర్తుకు రావాల్సింది హైదరాబాదు కాదు, నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ రాతి ఆనకట్ట పునాది నుంచి 124 మీటర్లు. కాంక్రీటుతో కాక రాతితో కట్టారు కాబట్టి లక్షల చేతులకు పని దొరికింది. ఆ పనిలో పాలమూరు లేబరు పాత్ర ఎంతో ఈ జిల్లాల్లో వేరే చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రి దగ్గర బాకీ తీసుకుని, పిల్లాజెల్లాతో డ్యాముల వెంట తిరిగిన కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక కూడా నలభై ఏళ్లపాటు హైదరాబాదులో ఏ మేడా ఆ ఆనకట్ట ఎత్తును అందుకోలేదు.

నగరంలో బహుళ అంతస్తులు 1970, 80 దశకాల్లో మొదలయ్యాయి. నాంపల్లి గగన్ విహార్, చంద్రవిహార్, బషీర్‌బాగ్‌లో బాబూఖాన్ ఎస్టేట్, సికింద్రాబాదులో స్వప్నలోక్, అమీర్‌పేటలో మైత్రీవనం. పల్లె నుంచి ఆఫీసు పని మీద వెళ్లినవాళ్లు లిఫ్టులో ఎక్కొచ్చామని ఊళ్లో చెప్పుకున్న కాలమది. అందం అడగొద్దు. పెట్టె మీద పెట్టె.

ఆ రోజుల్లో సిమెంటు దొరకడమే గగనం. ధర ప్రభుత్వానిదే, పంపిణీ ప్రభుత్వానిదే. ఇల్లు కట్టాలంటే పర్మిటు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. సిమెంటు కేటాయింపుల రగడలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతూలే పదవే పోయింది. 1982 ఫిబ్రవరిలో కేంద్రం నియంత్రణను కొంత, 1989 మార్చిలో పూర్తిగా ఎత్తేసింది. ఈ రెండు తేదీల మధ్యే కృష్ణ ఒడ్డున మా ప్రాంతం రూపు మారింది. మట్టపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు, దొండపాడు, మహంకాళిగూడెం, అటు వాడపల్లి. పల్నాడు నుంచి నది దాటి వచ్చిన సున్నపురాయి పొర ఇక్కడ నేలకు దగ్గరగా ఉంటుంది. ఎన్‌సీఎల్, సాగర్, డెక్కన్, కాకతీయ, తర్వాత మైహోమ్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రాయిని 1450 డిగ్రీల దగ్గర కాల్చితే సిమెంటుకు మూలమైన క్లింకర్ వస్తుంది. టన్ను క్లింకర్‌కు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. బావుల్లాంటి క్వారీలు, రోడ్డు పక్క చెట్ల మీద తెల్లటి బూడిద, రాత్రింబవళ్లు కోదాడ వైపు, మిర్యాలగూడ వైపు పోయే బల్కర్లు. కొత్తగా చెప్పాలా, ఇక్కడివాళ్లకు ఇవి రోజూ కళ్ల ముందున్నవే. మేళ్లచెరువులో సిమెంటు చేసే సంస్థ, హైదరాబాదు పశ్చిమాన పేరున్న టవర్లు కట్టిన సంస్థ ఒకే గ్రూపుకు చెందినవన్నది మాత్రం గమనించాల్సిన సంగతి. రాయి, సిమెంటు, ఫ్లాటు ఒకే గొలుసు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. గుండ్రటి ఆ భవనం పది అంతస్తులే. ఎత్తులో గొప్పేమీ లేదు. నగరం ఎటు పోవాలో చెప్పింది, అదీ దాని పని. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అదే ఏడాది ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి, శంషాబాద్ ముక్క తెరిచారు. దారి పడింది.

అసలు మలుపు మాత్రం వీటన్నిటికంటే ముందు, 2006 మార్చి 3న వచ్చిన 86వ నంబరు జీవో. అప్పటిదాకా, ఇప్పటికీ ముంబై, చెన్నై, బెంగళూరుల్లో ఉన్నట్టే, స్థలానికి తగ్గ ఎఫ్ఎస్ఐ ఉండేది. వెయ్యి గజాల స్థలంలో ఎఫ్ఎస్ఐ రెండు అంటే అన్ని అంతస్తులూ కలిపి రెండు వేల గజాలు మించి కట్టకూడదు. ఆ జీవో ఈ లెక్కను తీసేసింది. ఎదుటి రోడ్డు వెడల్పు చాలినంత ఉండి, చుట్టూ వదలాల్సిన ఖాళీ వదిలితే, ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ జీవో ఇదే పద్ధతిని కొనసాగించింది. దేశంలోని మిగతా మహానగరాలేవీ ఇంత స్వేచ్ఛ ఇవ్వలేదు. కూకట్‌పల్లిలో లోధా బెల్లెజా నలభై అంతస్తులు దాటింది. రాయదుర్గంలో మైహోమ్ భూజా వచ్చింది. నార్సింగి, నల్లగండ్ల, కోకాపేట ఒకదాన్నొకటి మించాలని పోటీ పడ్డాయి. 2023 ఆగస్టు 3న కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. అంత పోసి కొన్నవాడు ఐదంతస్తులు కట్టి ఊరుకుంటాడా? ధర ఎత్తును పెంచింది, ఎత్తుకు హద్దు లేదన్న నమ్మకం ధరను పెంచింది.

ఈ టవర్లలో ఇటుక దాదాపు కనిపించదు. సైట్లలో మైవాన్ అని పిలిచే అల్యూమినియం పలకలు గోడలకు, శ్లాబుకు కలిపి బిగిస్తారు. లోపల కడ్డీ కట్టి, కింది నుంచి పంపుతో కాంక్రీటు తోసి, గోడా శ్లాబూ ఒకేసారి పోస్తారు. బిగుసుకోగానే పలకలు విప్పి, శ్లాబులో వదిలిన కంతల్లోంచి చేతుల మీదుగా పై అంతస్తుకు అందిస్తారు. పని సాగితే వారం పది రోజులకో అంతస్తు. ఆ పలకలు అందించే చేతులు ఇప్పుడు పాలమూరువి కావు. బిహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవి. మన గుంపు మేస్త్రి స్థానంలో ఠేకేదార్ వచ్చాడు. సైటు పక్కన రేకుల షెడ్ల వరస మాత్రం సాగర్ క్యాంపుల నాటి నుంచి పెద్దగా మారలేదు.

ఎత్తును తిట్టడం నా ఉద్దేశం కాదు. చుట్టూ చెరువులు, పొలాలు మింగుతూ పరుచుకునే నగరం కంటే నిలువుగా ఎదిగేది నయమే. మంటలు కూడా ఎత్తునే వెతుక్కుని రావు. 2023 మార్చిలో స్వప్నలోక్‌లో ఆరుగురు పోయారు. 2025 మే 18న చార్మినార్ పక్కనే గుల్జార్ హౌజ్‌లో 17 మంది ప్రాణాలు తీసిన ఇల్లు రెండు మూడు అంతస్తులదే. బయటపడే దారి ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఎస్ఏఎస్ క్రౌన్ లాంటి 58 అంతస్తుల భవనం పైకి ఏ ఫైరింజను నిచ్చెనా అందదు కాబట్టి ఆ దారి లోపలే ఉండాలి. మెట్లు ఖాళీగా ఉండాలి, పంపులు పని చేస్తూ ఉండాలి. అపార్టుమెంటు కొనేవాళ్లు క్లబ్‌హౌసు చూసినంత శ్రద్ధగా మెట్ల దారి చూడరు.

నా ఆక్షేపణ వేరే. మేడను రోడ్డు వెడల్పుతో కొలిచినవాళ్లు నీళ్లతో, మురుగుతో, ఆ రోడ్డెక్కే కార్లతో కొలవలేదు. నగరం తాగే నీళ్లలో పెద్ద భాగం 2004 నుంచి సాగర్ వెనుక జలాల్లోంచి, అక్కంపల్లి మీదుగా నల్లగొండ నేల దాటుకుని పోతోంది. ఎఫ్ఎస్ఐ హద్దు తిరిగి పెట్టాల్సిందే. ఎంత పెట్టాలన్నది నీళ్ల లెక్క చూసి తేల్చాలి.

ఇక మన లెక్క. కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిన ఏడాది సున్నపురాయి మీద రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. 2014లో పెట్టిన ధర అది. పాత లీజులపై దానికి అదనంగా 30 శాతం, అంటే టన్నుకు 24 రూపాయలు, జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు జమ కావాలి. క్వారీల వల్ల నష్టపోయిన ఊళ్ల నీళ్లకు, వైద్యానికి, బడులకు ఖర్చు పెట్టాలని చట్టం చెబుతున్న డబ్బు అది. మేళ్లచెరువులో, మఠంపల్లిలో, చింతలపాలెంలో, పాలకీడులో ఈసారి గ్రామసభ జరిగినప్పుడు ఆ 24 రూపాయలు ఏ ఊరికి ఎంత వచ్చాయో, దేనికి ఖర్చయ్యాయో కాగితం చేతికిచ్చేదాకా అడగండి.