పోలీసు కాగితాల్లో దొరకని చరిత్ర

చరిత్రకు ఆధారాలు ఎవరి చేతిలో ఉంటాయన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద ఎన్ని పుస్తకాలు వచ్చినా, అందులో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాన్ని తమ నోటితో చెప్పగా వినడానికి 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఆ పుస్తకం కొత్త సంఘటనల్ని చేర్చి ఊరుకోలేదు. నివేదికల్లోనూ ప్రభుత్వ రికార్డుల్లోనూ లేని మనిషి చెప్పుకున్న మాట కూడా చరిత్రేనని మన చేత ఒప్పించింది. అదే పద్ధతిని ఇంకో దేశంలో, ఇంకో మాధ్యమంలో, మనం ఇప్పటికీ చర్చకు తేవడానికి జంకే మనుషుల విషయంలో వాడినవాళ్లు ఉన్నారు. గే, లెస్బియన్ ప్రజల చరిత్ర మీద 1970ల నుంచి వచ్చిన డాక్యుమెంటరీ చిత్రాల గురించి నేను చెబుతున్నది. అన్నిటినీ కాదు, నాకు ముఖ్యమనిపించిన కొన్నిటిని మాత్రమే పరిశీలిస్తాను.

ముందు పేరు గురించి. మన పత్రికలు అలవాటుగా రాసే ‘స్వలింగ సంపర్కులు’ అన్న పదం మనిషిని అతని పడకగదిలోకి కుదించేస్తుంది. అది ఛార్జిషీటు భాష. పెళ్లయిన జంటను ఎవరూ ‘సంపర్కులు’ అనరు గదా! అందుచేత నేను స్వలింగ ప్రేమికులు అనే రాస్తున్నాను. పదం మారితే దృష్టి మారిపోతుందని నాకు భ్రమ లేదు. కాని ఈ చిత్రాల గొడవంతా ఎవరి గురించి ఎవరి భాషలో ఎవరు మాట్లాడారన్నదే గనక ఈ పట్టింపు.

1970కి ముందు వీళ్ల గురించిన రాతలో చాలా భాగం మూడు చోట్ల పోగుపడింది: పోలీసు స్టేషన్లో, కోర్టులో, పిచ్చాసుపత్రిలో. మూడు చోట్లా రాసేవాడు వేరు, ఆ రాతలోకి ఎక్కేవాడు వేరు. టెలివిజన్ వచ్చాక కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 1967లో అమెరికాలో సి.బి.ఎస్. సంస్థ ఈ విషయం మీద ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. అందులో ఒకతన్ని కుండీలోని మొక్క ఆకుల వెనక కూర్చోబెట్టి మాట్లాడించారు. దేశమంతా చూసే తెర మీద అతని గొంతుకు చోటు దొరికింది గాని, ముఖానికి దొరకలేదు. రెండేళ్ల తరువాత, 1969 జూన్ చివర, న్యూయార్కులోని స్టోన్‌వాల్ ఇన్ అనే బారు మీద పోలీసులు దాడి చేస్తే అక్కడున్నవాళ్లు తిరగబడ్డారు. 1973 డిసెంబరులో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం ఈ ప్రేమను రోగాల పట్టీ నుంచి తొలగించింది.

ఈ నేపథ్యంలో 1977లో ‘వర్డ్ ఈజ్ అవుట్’ వచ్చింది. తీసినవాళ్లు మారిపోసా ఫిల్మ్ గ్రూప్ అన్న బృందం: ముగ్గురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. రెండు వందల మందికి పైగా ముందస్తుగా మాట్లాడించి, వాళ్లలోంచి ఇరవై ఆరుగురిని ఎంచుకున్నారు. చిత్రంలో వ్యాఖ్యాత లేడు, నిపుణుడు లేడు, వైద్యుడు అసలే లేడు. ఇరవై ఆరుగురూ తమ ఇళ్లలో, తోటల్లో కూర్చుని కెమెరా వంక చూస్తూ మాట్లాడతారు. అంతే. శిల్పం గురించి చర్చించుకునే మనం ఈ ‘అంతే’ దగ్గర కాస్త ఆగాలి. ఆకుల చాటు ముఖానికీ ఈ ముఖానికీ మధ్య పదేళ్లు ఉన్నాయి. ఇక్కడ కెమెరా కదలకపోవడం చేతకాక కాదు, గౌరవం కొద్దీ. పోలీసు ఫైలు చరిత్రకు ఎదురుగా మనిషి ముఖాన్ని నిలబెట్టడమే ఈ చిత్రంలోని వస్తువు, అదే శిల్పం.

ఆ ఇరవై ఆరుగురిలో పాట్ బాండ్ అనే ఆవిడ రెండో ప్రపంచ యుద్ధకాలంలో మహిళా సైనిక దళంలో చేరింది. యుద్ధం ముగిశాక టోక్యోలో తమ మీద నడిచిన విచారణల గురించీ, స్నేహితుల చేత ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పించిన తీరు గురించీ, మూకుమ్మడిగా ఉద్యోగాల్లోంచి గెంటేయడం గురించీ చెబుతుంది. హాస్యంగా మొదలుపెట్టి, నవ్విస్తూ నవ్విస్తూనే మాట తడబడే చోటికి వస్తుంది. సైన్యం కాగితాల్లో ఇది క్రమశిక్షణ చర్యగా మిగిలి ఉంటుంది. ఆమె మాటలో అది ఒక తరం ఆడపిల్లల బతుకు.

అదే చిత్రంలో హ్యారీ హే కనబడతాడు. ఈయన సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. హే అమెరికన్ కమ్యూనిస్టు పార్టీలో ఏళ్ల తరబడి పనిచేశాడు. 1950లో లాస్ ఏంజెలెస్‌లో తనలాంటి వామపక్షవాదులతో కలిసి మాటషీన్ సొసైటీని స్థాపించాడు. అమెరికాలో స్వలింగ ప్రేమికుల నిలకడైన ఉద్యమానికి తొలి సంఘాల్లో అదొకటి. రహస్య శాఖలుగా విడిపోయి పనిచేసే పద్ధతినీ, ఒక పీడిత సమూహానికి తన చరిత్ర తనకుంటుందన్న ఆలోచననూ ఆయన తెచ్చుకున్నది పార్టీ నుంచే. ఆ పార్టీ మాత్రం స్వలింగ ప్రేమికులను సభ్యులుగా ఉండనిచ్చేది కాదు. హే 1951లో బయటికి వచ్చేశాడు. ఇక 1953 నాటికి, మెకార్తీ భయం కమ్మేసిన రోజుల్లో, కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయన్న కారణానికి తాము పెట్టిన సొసైటీ నాయకత్వం నుంచే ఆ వ్యవస్థాపకులు తప్పుకోవలసి వచ్చింది. ఒకచోట గే కాబట్టి అనుమానం, మరోచోట కమ్యూనిస్టు కాబట్టి అనుమానం! 2002లో ఎరిక్ స్లేడ్ తీసిన ‘హోప్ అలాంగ్ ది విండ్’ ఆయన జీవితం మీద వచ్చిన చిత్రం. మన సంఘాల చరిత్ర రాసుకునేవాళ్లు చూడదగింది.

‘వర్డ్ ఈజ్ అవుట్’కు పరిమితులున్నాయి. మనుషులున్నారు గాని ఉద్యమం పలచగా ఉంది. విడివిడి అనుభవాలు ఎన్ని పేర్చినా వాటంతట అవి సామాజిక మార్పు కావు. ఆ లోటును తీర్చింది ఆ బృందంలోనే అందరికంటె చిన్నవాళ్లలో ఒకడైన రాబ్ ఎప్‌స్టీన్. ఆయన 1984లో తీసిన ‘ది టైమ్స్ ఆఫ్ హార్వే మిల్క్’ మరుసటి ఏడు ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ తెచ్చుకుంది. బడిపంతులుగా నన్ను ఎక్కువ పట్టుకున్న చిత్రం ఇదే. కారణం ఉంది.

హార్వే మిల్క్ 1977 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగర పాలక మండలికి ఎన్నికయ్యాడు. ఆ మరుసటి ఏడు కాలిఫోర్నియాలో జాన్ బ్రిగ్స్ అనే సెనేటరు ‘ప్రతిపాదన 6’ను ఓటర్ల ముందు పెట్టాడు. స్వలింగ ప్రేమికులైన ఉపాధ్యాయులనే కాదు, వాళ్లను బహిరంగంగా సమర్థించినవాళ్లను కూడా ప్రభుత్వ పాఠశాలల నుంచి తీసేయవచ్చునన్నది దాని సారాంశం. పిల్లల రక్షణ పేరుతో బడిపంతులి నోరు కట్టేయడమన్న మాట. ఎప్‌స్టీన్ మొదట సినిమా తీయబూనుకున్నది ఈ ప్రతిపాదన మీదనే. చిత్రంలో టామ్ అమ్మియానో అనే ఉపాధ్యాయుడూ, బ్రిగ్స్‌తో చర్చావేదికల మీద మిల్క్ పక్కన నిలబడ్డ శాలీ గేర్‌హార్ట్ అనే అధ్యాపకురాలూ మాట్లాడతారు. 1978 నవంబరు 7న ఆ ప్రతిపాదన ఓడిపోయింది. వద్దని ఓటేసినవాళ్లు నూటికి యాభై ఎనిమిది మంది. ఇరవై రోజులు గడిచాయో లేదో, నవంబరు 27న, మిల్క్‌నూ మేయరు జార్జి మాస్కోనీనీ డాన్ వైట్ అనే మాజీ సభ్యుడు కార్యాలయంలోనే కాల్చి చంపాడు. జ్యూరీ దాన్ని హత్యగా తీర్మానించలేదు. పడిన శిక్ష ఏడేళ్ల ఎనిమిది నెలలు. ఆ తీర్పు వచ్చిన 1979 మే 21 రాత్రి నగరం భగ్గుమంది.

అయితే ఈ చిత్రంలో నాకు అన్నిటికంటె విలువైన సాక్షి జిమ్ ఎలియట్. కార్ల మెకానిక్కు, యూనియన్ మనిషి. మిల్క్ లాంటివాళ్లంటే మొదట తనకున్న చిన్నచూపును దాచుకోకుండా చెబుతాడు. తరువాత అది ఎలా సడలిందో కూడా అంతే మామూలుగా చెబుతాడు. దాని వెనక పని ఉంది. 1970ల నడుమ కూర్స్ బీరు కంపెనీకి వ్యతిరేకంగా లారీ డ్రైవర్ల యూనియన్ బహిష్కారానికి పిలుపిచ్చినప్పుడు మిల్క్ కాస్ట్రో వీధి బార్లను ఆ పోరాటంలోకి తెచ్చాడు. బదులుగా గే యువకులకు డ్రైవర్ల ఉద్యోగాల్లో చోటడిగాడు. ‘సామాజిక చైతన్యం’ అన్న మాటను మనం వ్యాసాల్లో ఎంత ధారాళంగా వాడతామో! అది ఒక కార్మికుడి బుర్రలో ఏ దారిన వస్తుందో ఎలియట్ నాలుగు మాటల్లో చూపించాడు. ఉపన్యాసం విని మారలేదతను. తన సమ్మెకు ఎవరొచ్చారో చూసి మారాడు.

నల్లజాతి గే పురుషుల మీద 1989లో మార్లన్ రిగ్స్ తీసిన ‘టంగ్స్ అన్‌టైడ్’ వేరే దారి పట్టింది. సాక్ష్యానికి బదులు కవిత్వాన్నీ, నృత్యాన్నీ, లయబద్ధమైన పలుకునూ వాడింది. గే ఉద్యమంలోని తెల్లవాళ్ల జాతి దురహంకారాన్నీ, నల్లవాళ్ల ఇళ్లలోని ద్వేషాన్నీ ఒకే దమ్మున నిలదీసింది. 1991లో ప్రజా టెలివిజన్‌కు వస్తే చాలా స్టేషన్లు వేయనన్నాయి. 1994లో రిగ్స్ ఎయిడ్స్‌తో పోయాడు. కవిత్వ విద్యార్థులు దీన్ని విడిగా తీసుకుని చర్చించాలి. నేను ఇక్కడ ఆగను.

ఎందుకంటే 2000లో ఎప్‌స్టీన్, జెఫ్రీ ఫ్రీడ్‌మన్ కలిసి తీసిన ‘పారాగ్రాఫ్ 175’ దగ్గర మనకు లెక్కలు తేల్చుకోవలసిన పని ఉంది. జర్మన్ శిక్షాస్మృతిలో పురుషుల మధ్య ప్రేమను 1871లో నేరం చేసిన సెక్షను అది. 1935లో నాజీలు దాన్ని మరింత బిగించారు. 1933–45 మధ్య సుమారు లక్ష మంది అరెస్టయ్యారు. పది నుంచి పదిహేను వేల మందిని నిర్బంధ శిబిరాలకు పంపారు. వారిలో సగానికి పైగా తిరిగి రాలేదని పరిశోధకుల అంచనా. 1933 మే 10న బెర్లిన్‌లో నాజీలు పుస్తకాలు తగలబెట్టిన సంగతి మనం ఎన్ని సభల్లో చెప్పుకోలేదు! నాలుగు రోజుల ముందు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ స్థాపించిన లైంగిక శాస్త్ర సంస్థను దోచి తెచ్చిన గ్రంథాలు కూడా ఆ మంటల్లో ఉన్నాయన్న ముక్క మాత్రం మన ఉపన్యాసాల్లో నేను వినలేదు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 1922 సోవియట్ రష్యా శిక్షాస్మృతిలో ఈ నేరం లేదు. 1934లో స్టాలిన్ ప్రభుత్వం దాన్ని తిరిగి నేరం చేసింది. ఆ ఏడు మే నెలలోనే గోర్కీ ‘శ్రామికవర్గ మానవతావాదం’ అన్న వ్యాసంలో స్వలింగ ప్రేమను ఫాసిజంతో ముడిపెట్టాడు. ఆ సమయానికే ఫాసిస్టులు ఈ మనుషులను వెతికి పట్టుకుంటున్నారు. ‘అమ్మ’ చదివి పెరిగినవాణ్ని గనక రాయడానికి కష్టంగానే ఉంది. గోర్కీ గొప్పతనం దీనివల్ల పోదు. ఈ వ్యాసం ఆయనది కాకుండానూ పోదు.

‘పారాగ్రాఫ్ 175’లో ఫ్రాన్సుకు చెందిన పియేర్ సీల్ మాట్లాడతాడు. పదిహేడేళ్ల వయసులో తన చేతి గడియారం పోయిందని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. గడియారం పోయిన చోటు ఎలాంటిదో తెలుసు గనక పోలీసులు అతని పేరును ఒక జాబితాలో ఎక్కించారు. నాజీలు అల్సాస్‌ను ఆక్రమించాక 1941లో అతన్ని పిలిపించి శిబిరంలో పడేశారు. గడియారం పోగొట్టుకున్న పిల్లవాడికి ఫ్రెంచి పోలీసు కాగితమే ఉరితాడయింది. యుద్ధం తరువాత అతను పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, 1982 దాకా నోరు విప్పలేదు. జర్మనీలో బతికి బయటపడినవాళ్ల మౌనానికి కారణం ఇంకా సూటిగా ఉంది. పశ్చిమ జర్మనీ నాజీల సెక్షనునే 1969 దాకా అట్టే పెట్టుకుంది. తూర్పు జర్మనీ 1950లో పాత రూపానికి తెచ్చింది. సెక్షను పూర్తిగా పోయింది 1994లో. అంటే శిబిరం గురించి సాక్ష్యం చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమే. సినిమా నాటికి బతికున్నట్టు తెలిసినవాళ్లు పదిమంది కూడా లేరు.

ఆ సెక్షను స్త్రీలకు వర్తించదు. ఇది అదృష్టమే గాని దాని ఫలితం చూడండి: కేసుల్లేవు, కాగితాల్లేవు, కాబట్టి చరిత్రా లేదు. ఈ చిత్రంలో ఇంగ్లండుకు తప్పించుకుపోయిన ఆనెట్ ఐక్ అనే యూదు స్త్రీ ఒక్కతే లెస్బియన్ల తరఫున కనబడుతుంది.

“ఇదంతా మనకెందుకు మాస్టారూ?” అని ఒక కవి మిత్రుడు అడిగాడు. బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన 377వ సెక్షను సంగతి ఎత్తాను. 2009లో ఢిల్లీ హైకోర్టు దాని కోరలు పీకింది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు, పరస్పర అంగీకారంతో ఉన్న పెద్దల మటుకు దాన్ని కొట్టేసింది. ఆ సెక్షను చూపించి పోలీసులు చేసిన బెదిరింపులనూ దోపిడీనీ బాధితుల నోట చెప్పించిన చిత్రం శ్రీధర్ రంగాయన్ ‘బ్రేకింగ్ ఫ్రీ’ (2015). పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో హైదరాబాదులో ఉంటున్న జంట కూడా ఉంది; 2023 అక్టోబరులో కోర్టు ఆ హక్కును గుర్తించలేదు.

అంతకంటె దగ్గరది మరొకటి ఉంది. హిజ్రాలూ స్వలింగ ప్రేమికులూ ఒకటి కారు, కలిపి మాట్లాడటం తప్పు; కాని ఇద్దరినీ వెంటాడిన కాగితం ఒకటే జాతిది. 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం ప్రభుత్వం చేసిన నపుంసకుల చట్టం హైదరాబాదులోని హిజ్రాల పేర్లూ నివాసాలూ రాసి ఒక రిజిస్టరు ఉంచమంది. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోమంది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది. రేవతి తమిళంలో చెప్పుకున్న జీవితాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చినందుకు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. మన విద్యార్థులు చదివి చర్చించగలిగిన సాక్ష్యం అదొకటి ఉంది. రేపు ఎవరైనా హైదరాబాదు మీద పరిశోధనకు కూర్చుంటే ముందు వెతికేది ఆ రిజిస్టరునే. అందులో పేరు, వీధి, ఇల్లు ఉంటాయి. 1919లో ఆ పేరు చెప్పుకోవడానికి వరసలో నిలబడ్డ మనిషి ఏమనుకున్నదో రాయడానికి గడి ఉండదు. ఆమెను అడగగలిగినవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు.