పెంకు కప్పు మీ ఇంటికి సరిపోతుందా?

పాత ఇల్లు కురవడం మొదలైతే రైతు ముందు మూడు దారులుంటాయి. పెంకు మళ్లీ వేయించడం, రేకులు వేయడం, అప్పు చేసి శ్లాబు పోయడం. ఎండాకాలం చల్లగా ఉంటుందని చాలామంది పెంకు వైపు మొగ్గుతారు. చల్లదనం మాట నిజమే. అయితే నిర్ణయం తీసుకోవలసింది పెంకును చూసి కాదు, దాని కింద ఉండే కర్రను, గోడను చూసి.

ముందుగా బరువు లెక్క వేసుకోండి. 20 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు ఉన్న ఇంటికి చుట్టూ 2 అడుగుల చూరు, వాలు కలిపితే కప్పు సుమారు 750 చదరపు అడుగులు వస్తుంది. దీనికి బెంగుళూరు పెంకులు 1,050 వరకు కావాలి. విరిగేవాటి కోసం మరో 50 నుంచి 100 కలపండి. ఒక్కో పెంకు రెండు, రెండున్నర కిలోలు ఉంటుంది. అంటే గోడల మీద రెండు, రెండున్నర టన్నులు. వానలో తడిస్తే ఇంకా ఎక్కువ. ఇంతకాలం తాటాకు కప్పు మోసిన మట్టి గోడ మీద ఈ బరువు పెట్టే ముందు మేస్త్రీకి తప్పక చూపించండి.

పాత కర్ర వాడుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ దూలం పైకి బాగానే కనిపించి, గోడలో దిగిన చివర తేమకు పుచ్చిపోయి ఉంటుంది. ఆ చివరనే స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మొన సులువుగా దిగితే ఆ దూలం పనికిరాదు. వాసాలను తట్టి చూడండి. డొల్ల మోత వస్తే చెదలు తినేసినట్టే. కర్ర మొత్తం కొత్తగా కొనాల్సి వస్తే పెంకు చవక అనే మాటే ఉండదు.

వాలు కూడా ముఖ్యం. ప్రతి రెండు అడుగుల అడ్డానికి కనీసం అడుగు ఎత్తు ఉండాలి. రేకుల కోసం తక్కువ వాలుతో కట్టిన గోడల మీద పెంకు వేస్తే, గాలివానకు నీరు పెంకుల సందుల్లోంచి వెనక్కి ఎక్కుతుంది. కింద విత్తనం బస్తా ఉంటే అది మొలకకు పనికిరాదు.

పెంకు కొనేటప్పుడు వేలితో కొట్టి చూడండి. బాగా కాలినది ఖంగుమంటుంది. రెండు మూడు పెంకుల్లో నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున అడుగున చుక్కలు కారుతున్నాయేమో చూడండి. కూల్చిన ఇళ్ల పాత పెంకు చవకగా దొరికితే సంకోచించనక్కర్లేదు. ఇన్ని వానలకు నిలిచిందంటే దానికి పరీక్ష అయిపోయినట్టే.

కోస్తాలో తుఫాను సంగతి మరవకూడదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చిన ప్రాంతాల వారికి ఇది చెప్పనక్కర్లేదు. గాలికి ముందు లేచేవి చూరు వరస, అంచు వరస, కొప్పు పెంకులు. చూరు, అంచు వరసలను తీగతో రీపర్లకు కట్టించి, కొప్పును సిమెంటుతో బిగించండి. కొబ్బరి చెట్టు కింద ఇల్లయితే పెంకు ఆలోచన మానుకోవడమే మేలు.

ఇక కోతులు. గుంపులుగా తిరిగే ఊరైతే పెంకు వద్దనే నా సలహా. గూన పెంకును ఇట్టే ఎత్తేస్తాయి. బెంగుళూరు పెంకు ఒకదానిలో ఒకటి పట్టి ఉంటుంది కాబట్టి కొంత నయం, కానీ పైనుంచి దూకితే అదీ పగులుతుంది.

ఏటా మే నెలలో, తొలకరికి ముందు, పైకెక్కి పెంకు సర్దే మనిషి మీ ఊళ్లో ఉన్నాడా అని కూడా విచారించండి. కొనేటప్పుడే అదే కంపెనీ పెంకులు 50 అదనంగా తీసుకుని దాచుకోండి. ఒక కంపెనీ పెంకు మరో కంపెనీ పెంకు గాడిలో సరిగా కూర్చోదు.