విమానంలో ఆ మోత ఏ దారిన వస్తోంది?

ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం ఎక్కినవాళ్లకి ఇది అనుభవమే. ప్రొపెల్లర్ దగ్గర సీటు వస్తే ఆ మోత చెవికే కాదు, సీటుకి, కాళ్ల కింద కూడా తెలుస్తుంది. గోడల్లో ఇంకాస్త దూది కూరితే సరిపోదా? సరిపోదు. ఎందుకో ఒక చిన్న లెక్క చూద్దాం.

కెనడాలో తయారైన డాష్ 8 క్యూ400 తీసుకోండి. దాని ప్రొపెల్లర్‌కి 6 బ్లేడ్లు. పైన స్థిరంగా ఎగిరేటప్పుడు నిమిషానికి 850 చుట్లు. అంటే సెకనుకి 85 సార్లు ఒక బ్లేడ్ విమానం గోడ పక్కనుంచి దూసుకెళ్తుంది. ప్రతిసారీ గాలి ఆ గోడని నొక్కి వదులుతుంది. 85 హెర్ట్జ్ శబ్దం అల పొడవు సుమారు 4 మీటర్లు. అంత పెద్ద అలని పల్చటి దూది పొర ఏం ఆపుతుంది? గోడ బరువు పెంచితే కొంత ఆగుతుంది కానీ, ఇంధనం ఖర్చు పెరుగుతుంది.

పైగా ఇదొక్కటే దారి కాదు. ఇంజిన్ వణుకు దాని బిగింపుల గుండా రెక్కలోకి, అక్కణ్నుంచి విమానం బాడీలోకి పాకుతుంది. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి కూడా రెక్కని కొడుతుంది. చివరికి లోపలి ప్యానెళ్లు స్పీకర్లలా మోగుతాయి.

శబ్దాన్ని ఎదురు శబ్దంతో చంపొచ్చన్న ఐడియా పాతదే. జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్‌కి 1936లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. కానీ క్షణక్షణం మారే మోతని లెక్కగట్టే డిజిటల్ చిప్‌లు అప్పట్లో లేవు. అందుకే ప్రయాణికుల విమానాల్లోకి రావడానికి 1990లు పట్టింది.

1994లో సర్వీసులోకొచ్చిన స్వీడన్ విమానం సాబ్ 2000 క్యాబిన్‌లో 72 మైకులు, 36 స్పీకర్లు పెట్టారు. మైకులు వింటాయి, స్పీకర్లు ఎదురు అల వదులుతాయి. అంటే లోపలికొచ్చేసిన శబ్దంతో పోరాటం.

డాష్ 8 వాళ్లు ఇంకో అడుగు వెనక్కి వెళ్లారు. మైకులు క్యాబిన్‌లోనే ఉన్నా, స్పీకర్ల బదులు విమానం ఫ్రేములకే చిన్న వైబ్రేటర్లు బిగించారు. ఫ్రేము ఇటు ఊగితే అవి అటు తోస్తాయి. వణుకు శబ్దంగా మారకముందే, దారిలోనే పట్టుకోవడం అన్నమాట. 1996 నుంచి డాష్ 8 పేరులో చేరిన 'క్యూ'కి అర్థం 'క్వైట్', అంటే నిశ్శబ్దం.

ఇంత పట్టుదల ఎందుకంటే, అప్పుడే చిన్న జెట్లు వచ్చేశాయి. ప్రొపెల్లర్ అంటే పాతకాలం, మోత అనే పేరు పడిపోయింది. సాబ్ 2000 నిశ్శబ్దంగా ఉన్నా జెట్ల ముందు నిలవలేదు. 63 విమానాలతోనే 1999లో ఆగిపోయింది. తక్కువ దూరాలకి తక్కువ ఇంధనంతో ఎగిరే క్యూ400 మాత్రం 2000లో సర్వీసులోకొచ్చి నిలబడింది.

ఈసారి ప్రొపెల్లర్ విమానం ఎక్కితే కిటికీ పక్క ప్యానెల్ మీద చెయ్యి పెట్టి చూడండి. శబ్దం మీ చెవిదాకా వచ్చే దారిలో అదే చివరి మజిలీ.