కింగ్స్ మందిరంలో గానం: తెగిన తంత్రులు, మళ్ళీ కూర్చిన శ్రుతి

ఏటా డిసెంబరు 24వ తేదీన మధ్యాహ్నం మూడు గంటలకు, అంటే మన కాలమానం ప్రకారం రాత్రి ఎనిమిదిన్నరకు, ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన కింగ్స్ కళాశాల ప్రార్థనా మందిరం నుంచి బ్రిటిష్ రేడియో ఒక ఆరాధనను ప్రసారం చేస్తుంది. దేనితోడూ లేని ఒక బాలుని ఒంటరి కంఠంతో అది ఆరంభమవుతుంది. వినేవారిలో చాలామంది దీనిని అయిదు శతాబ్దాలుగా ఒక్క రోజైనా తప్పక సాగివస్తున్న ప్రాచీన సంప్రదాయంగా భావిస్తారు. ఆ గానంలో ఉన్న నిశ్చలత అటువంటి భ్రాంతినే కలిగిస్తుంది. చరిత్ర చెప్పేది మరొకటి. ఆ గాయక బృందం ఒకటికి రెండుసార్లు దాదాపు అంతరించింది. నేడు లోకమంతా వింటున్న ఆరాధనా క్రమం వయస్సు నూరేళ్ళకు కొంచెం ఎక్కువ మాత్రమే.

కింగ్స్ కళాశాలను 1441లో ఆరవ హెన్రీ రాజు స్థాపించాడు. అంతకు ముందు సంవత్సరమే ఈటన్ పాఠశాలను నెలకొల్పిన ఆ రాజు, అక్కడి విద్యార్థులు ఇక్కడ ఉన్నత విద్య నభ్యసించాలని సంకల్పించాడు. ప్రార్థనా మందిరానికి 1446 జూలై 25న శంకుస్థాపన జరిగింది. హెన్రీ దృష్టిలో విద్యాభ్యాసం, దైవారాధన రెండు వేర్వేరు వ్యాపకాలు కావు. కళాశాల నిబంధనావళిలోనే గాయక బృందం పరిమాణాన్ని ఆయన నిర్ణయించాడు. పదిమంది పురోహితులు, ఆరుగురు వయోజన గాయకులు, పదహారుగురు బాలురు. బాలురు నిరుపేద కుటుంబాలకు చెందినవారై, చదవను, పాడను నేర్చినవారై ఉండాలి. వారికి తిండి, బట్ట, నివాసం కళాశాలే సమకూర్చాలి. ప్రతిగా వారు నిత్యారాధనలలో పాడటమే కాక భోజనశాలలో వడ్డన కూడ చేయాలి. బాలుర సంఖ్య నేటికీ పదహారే. నిబంధనావళిలో మార్పు లేకుండా నిలిచిన బహుకొద్ది అంశాలలో ఇది ఒకటి.

స్థాపకుని జీవితం మాత్రం ఆయన కట్టిన ప్రణాళికంత నిలకడగా సాగలేదు. రాజవంశాల అంతర్యుద్ధంలో 1461లో హెన్రీ సింహాసనాన్ని కోల్పోయాడు. మందిర నిర్మాణం కుంటుపడింది. తరువాతి రాజులు తలా కొంత ధనమిచ్చి పని సాగించారు. జాన్ వాస్టెల్ అనే శిల్పి 1512 - 1515 సంవత్సరాల మధ్య విసనకర్రల వరుసవలె విప్పారిన రాతి పైకప్పును పూర్తిచేశాడు. అప్పటిదాకా బృందం పక్కనే ఉన్న చిన్న తాత్కాలిక మందిరంలో పాడుకొంటూ వచ్చింది. కొత్త మందిరం పొడవు 289 అడుగులు, వెడల్పు 40 అడుగులు, ఎత్తు 80 అడుగులు. ఇంత పొడవై, ఇంత ఎత్తై, ఇంత ఇరుకైన రాతి మందిరంలో పలికిన స్వరం ఆగిన తరువాత కూడ కొన్ని క్షణాలపాటు గాలిలో నిలిచి ఉంటుంది. వేగంగా పాడితే ఒక స్వరంపై మరొకటి పడి అంతా కలగాపులగమవుతుంది. హల్లులు స్పష్టంగా పలకకపోతే పదం వినపడదు. అందువల్ల కింగ్స్ బాణీగా పేరుపొందిన గానశైలికి ఆ కట్టడం కూడ ఒక గురువే అనాలి.

పదహారవ శతాబ్ది మధ్యలో ఈ గాయకులు ఎదుర్కొన్న పరిస్థితి విచిత్రమైనది. 1549లో ఇంగ్లండు చర్చి లాటిన్ ఆరాధనను తొలగించి ఆంగ్ల ప్రార్థనా గ్రంథాన్ని ప్రవేశపెట్టింది. 1553లో మేరీ రాణి రాకతో లాటిన్ తిరిగి వచ్చింది. 1558లో ఎలిజబెత్ గద్దెనెక్కగానే ఆంగ్లం మళ్ళీ ఆరాధనా భాష అయింది. పదేండ్ల వ్యవధిలో ఒకే గాయకుడు ఒకే పీఠంపై నిలిచి, పాలకులు ఏది చెల్లదన్నారో దానిని మరచి, ఏది చెల్లుతుందన్నారో దానిని కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. సిద్ధాంత చర్చలు చేసిన పండితులను చరిత్ర పేరుపేరున గుర్తుంచుకొన్నది. పాడినవారిని అంతగా గుర్తుంచుకోలేదు.

అయినా ఆ శతాబ్దిలో ఈ బృందం నుంచి గొప్పవారు వెలువడ్డారు. స్వరకర్త క్రిస్టఫర్ టై 1537లో ఇక్కడ వయోజన గాయకుడు. 1596లో బాల గాయకుడుగా చేరిన ఓర్లాండో గిబ్బన్స్ తరువాత తన తరం స్వరకర్తలలో అగ్రగణ్యుడయ్యాడు. ఆనాడు బాలురకు శిక్షణనిచ్చినవాడు అతని అన్న ఎడ్వర్డ్. 1605 - 06లో థామస్ డాలమ్ కళాశాలకు ఒక ఆర్గన్ నిర్మించి ఇచ్చాడు. ఇదే డాలమ్ అంతకు కొన్నేండ్ల క్రితం, 1599లో, ఎలిజబెత్ రాణి కానుకగా తాను తయారుచేసిన యాంత్రిక ఆర్గన్‌ను ఓడపై కాన్‌స్టాంటినోపిల్‌కు తీసుకుపోయి తురుష్క సుల్తాను సమక్షంలో అమర్చి వచ్చినవాడు.

1642లో రాజుకు, పార్లమెంటుకు మధ్య యుద్ధం మొదలయింది. ఆరాధనలో వాద్యాలు, బృందగానం, చిత్రపటాలు దైవద్రోహమని నమ్మిన ప్యూరిటన్లది పైచేయి అయింది. ఆర్గన్‌ను విప్పివేశారు. గానం ఆగిపోయింది. వాన కురిసిన రోజుల్లో సైనికులు మందిరంలోనే కవాతు చేశారు. విగ్రహాలను, చిత్రాలను ధ్వంసం చేయటానికి నియుక్తుడైన విలియం డౌజింగ్ 1643 డిసెంబరు చివరలో ఇక్కడికి వచ్చాడు. తన దినచర్యలో ఈ మందిరాన్ని పేర్కొన్నాడు కూడ. కాని రంగుటద్దాల గవాక్షాలు మాత్రం చెక్కుచెదరలేదు. అద్దం మిగిలింది, పాట మిగలలేదు. గవాక్షం నూరేండ్లు కదపకుండా వదిలినా గవాక్షంగానే ఉంటుంది. పాట ఒక తరం పాడకపోతే, నేర్పేవాడు, నేర్చేవాడు ఇద్దరూ ఉండరు. 1660లో రాచరికం తిరిగి వచ్చేసరికి ఆ ప్రమాదం ఎంతో దూరంలో లేదు. అయితే 1627లో ఆర్గనిస్టుగా నియుక్తుడైన హెన్రీ లూస్‌మోర్ అప్పటికి జీవించే ఉన్నాడు. పాత కాలపు గానం ఎరిగిన అతడు 1670 వరకు ఆ పదవిలో కొనసాగాడు. రెండు కాలాలను కలిపిన వంతెన ఆయనే.

తరువాత చాలాకాలం బృందానికి గ్రహణకాలమే. శత్రువులెవరూ లేరు. ఉదాసీనతే శత్రువు. చాలీచాలని జీతంపై బ్రతికే వయోజన గాయకులు కింగ్స్, ట్రినిటీ, సెయింట్ జాన్స్ కళాశాలల మూడింటిలోను పాడుతూ, ఒకచోట ప్రార్థన ముగిసీ ముగియకముందే మరొకచోటికి పరుగులు తీసేవారు. ఉద్యోగాలు ఆజీవనం. జాన్ ప్రాట్ 1799లో ఆర్గనిస్టు పదవిలో చేరి 1855లో మరణించేదాకా దానిని వదలలేదు. వృద్ధాప్యంలో కంఠం పోయినా గాయకుణ్ణి తొలగించే ఏర్పాటు లేదు. పదవీ విరమణ వేతనం లేని వ్యవస్థలో అతణ్ణి తొలగించటం న్యాయమూ కాదు. సంగీత పతనానికి సంగీతేతర కారణాలే తరచు మూలమవుతాయనటానికి ఇది చక్కని నిదర్శనం.

ఈ దశను మార్చినవాడు ఆర్థర్ హెన్రీ మాన్. ఇరవయ్యారేండ్ల వయస్సులో 1876లో నియుక్తుడై, 1929లో మరణించేవరకు యాభైమూడు సంవత్సరాలు పనిచేశాడు. ఆయన కాలంలో రెండు పరిపాలనాపరమైన నిర్ణయాలు జరిగాయి. మొదటిది బాలుర వసతి పాఠశాల. అంతవరకు బాలురు కేంబ్రిడ్జ్ పట్టణంలోని ఇండ్ల నుంచే వచ్చేవారు. 1878లో పాఠశాలకు కొత్త భవనం ఏర్పడటంతో దేశంలో ఎక్కడ మంచి కంఠమున్నా ఎన్నుకొనే వీలు కలిగింది. రెండవది వయోజన గాయకుల స్థానంలో విద్యార్థులను నియమించటం. ఉపకారవేతనం పొంది, పగలు తమ తమ శాస్త్రాలు చదువుకొంటూ సాయంకాలం మందిరంలో పాడే యువకులు క్రమంగా పాత గాయకుల స్థానాన్ని ఆక్రమించారు. చివరి వృత్తి గాయకుడు 1928లో నిష్క్రమించాడు. దీనివల్ల బృందగానంలో ఒక యౌవన స్వచ్ఛత ఏర్పడింది. అయితే మూడేండ్లకొకసారి మొత్తం వయోజన విభాగం మారిపోతుంది. బాలుర సంగతి మరీ క్లిష్టం. పదమూడేండ్లకు అటూ ఇటూగా కంఠం మారుతుంది. నాలుగైదేండ్లు శ్రమించి తీర్చిదిద్దిన స్వరం ఒక్క వేసవిలో కరిగిపోతుంది. నాయకుడు మళ్ళీ ఎనిమిది, తొమ్మిదేండ్ల పసివాడితో మొదలుపెట్టాలి.

ప్రథమ ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ముగిసింది. సైన్యంలో మతాచార్యుడుగా పనిచేసి యుద్ధభూమిని కళ్ళారా చూసిన ఎరిక్ మిల్నర్-వైట్ ఆ ఏడాదే కళాశాల మందిరానికి డీన్‌గా వచ్చాడు. ముప్పయినాలుగేండ్లవాడు. కళాశాల నుంచి వెళ్ళిన యువకులలో ఎందరో తిరిగిరాలేదు. వారి తల్లిదండ్రులకు, మిత్రులకు చర్చి యథాలాపంగా వల్లించే ప్రార్థనలు ఊరట కలిగించలేవని, ఆరాధనకు కొత్త ఊహాశక్తి అవసరమని ఆయన గ్రహించాడు. 1880లో ఎడ్వర్డ్ వైట్ బెన్సన్ అనే బిషప్ కార్న్‌వాల్‌లోని ట్రూరోలో, కెథెడ్రల్ కట్టడం ముగియకముందు ఒక కొయ్య షెడ్డులో, తొమ్మిది బైబిలు పఠనాల నడుమ క్రిస్మస్ గీతాలు కూర్చి ఒక ఆరాధన జరిపాడు. ఆ క్రమాన్నే మిల్నర్-వైట్ తీసుకొని 1918 డిసెంబరు 24న కింగ్స్ మందిరంలో జరిపాడు. మొదటి పాఠాన్ని ఒక గాయక బాలుడు, చివరి పాఠాన్ని కళాశాల అధిపతి చదవటం అనే సోపానక్రమం బెన్సన్ ఆలోచనే. ఆరంభ ప్రార్థన మాత్రం మిల్నర్-వైట్ స్వయంగా రచించాడు. అందులో మరో తీరం చేరినవారిని స్మరించే ఘట్టం ఉన్నది. యుద్ధం ముగిసి ఆరు వారాలు నిండిన ఆ సాయంత్రం అది ఎవరిని ఉద్దేశించినదో అక్కడ కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. మరుసటి సంవత్సరం క్రమాన్ని కొంత సవరించి, బాలుని ఏకగళ గీతంతో ఆరంభించారు. అదే నేటికీ నిలిచింది.

1928లో బీబీసీ దీనిని ప్రసారం చేసింది. 1930 మినహా ఆ తరువాత ఏ ఏడూ ప్రసారం తప్పలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రంగుటద్దాలను విప్పి భద్రపరిచారు. గవాక్షాలకు తాత్కాలికంగా కప్పిన తెరల వెనుక, వెచ్చదనం లేని మందిరంలో బృందం పాడింది. శత్రు విమానాల భయంతో రేడియోలో కళాశాల పేరు చెప్పలేదు. మొదటి సందర్భంలో, డౌజింగ్ కాలంలో, అద్దాలు నిలిచి పాట ఆగింది. ఈసారి అద్దాలు తరలిపోయి పాట నిలిచింది.

మాన్ తరువాత 1957 వరకు బోరిస్ ఆర్డ్, 1974 వరకు డేవిడ్ విల్‌కాక్స్, 1982 వరకు ఫిలిప్ లెడ్జర్, 2019 వరకు స్టీఫెన్ క్లియోబరీ బృందానికి నాయకత్వం వహించారు. తదనంతరం డేనియల్ హైడ్ వచ్చాడు. ఆర్డ్ పేరున అచ్చయిన రచన ఒకే ఒక్క చిన్న క్రిస్మస్ గీతం. కాని ఈ బృందపు శ్రుతిశుద్ధికి పునాది వేసినవాడు ఆయనే. నార్మండీ పోరులో శౌర్యపతకం పొందిన విల్‌కాక్స్ 1961లో రెజినాల్డ్ జాక్స్‌తో కలసి వెలువరించిన గీతసంపుటం ఆంగ్లం మాట్లాడే దేశాల చర్చి బృందాలన్నింటికీ పాఠ్యగ్రంథమయింది. అల్లెగ్రి రచించిన పశ్చాత్తాప కీర్తన 1963 రికార్డుతో బృందం ఖ్యాతి శిఖరాన్నందుకొన్నది. అందులో అత్యున్నత స్వరాలు పాడిన రాయ్ గుడ్‌మన్‌కు అప్పుడు పన్నెండేండ్లు. క్లియోబరీ ధోరణి వేరు. ఈ ఆరాధన ప్రదర్శనశాల వస్తువుగా మారుతున్నదని గ్రహించి 1983 నుంచి ఏటా ఒక సమకాలీన స్వరకర్తచేత కొత్త గీతం రాయించటం ఆనవాయితీ చేశాడు. జుడిత్ వీర్, ఎస్తోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ వంటివారు ఆ విధంగా ఈ బృందానికి రచనలిచ్చారు. పరిచితమైన పాటలకోసం రేడియో తిప్పిన శ్రోతలలో కొందరికి కొత్త బాణీలు రుచించలేదు. సంప్రదాయమంటే తమ చిన్ననాటిదే అనుకొనేవారు అన్ని దేశాలలోను ఉంటారు.

ఒకటి గమనించాలి. డిసెంబరు 24 నాటి ఆరాధన ఈ బృందం జీవితంలో ఒక్క రోజు. విశ్వవిద్యాలయం పనిచేసే వారాలలో దాదాపు ప్రతి సాయంకాలం జరిగే ఆరాధనే వారి అసలు వృత్తి. బృందం రెండు పక్షాలుగా ఎదురెదురుగా నిలిచి దావీదు కీర్తనలను ఒక పాదం వారు, ఒక పాదం వీరుగా పాడుతుంది. ఆంగ్ల ప్రార్థనా గ్రంథం నూటయాభై కీర్తనలను నెల రోజులకు పంచి పెట్టింది. శీతాకాలపు వారదినాన వచ్చేవారు ఏ కొద్దిమందో అయినా పాడటంలో తేడా ఉండదు. మన వైష్ణవాలయాలలో దివ్యప్రబంధం పఠించే గోష్ఠికి భక్తుల సంఖ్యతో ప్రమేయం లేనట్లే ఇది.

స్త్రీల కంఠాల ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. కళాశాల 1972లో విద్యార్థినులను చేర్చుకొన్నా, ప్రధాన బృందం బాలురతో, యువకులతోనే సాగింది. 1991లో సాల్స్‌బరీ కెథెడ్రల్ బాలికల బృందాన్ని ఏర్పరచి దారి చూపింది. కింగ్స్‌లో 1997లో విద్యార్థినీ విద్యార్థులు కలసి పాడే మరొక బృందం ఏర్పడింది. కేంబ్రిడ్జ్‌లోనే సెయింట్ కాథరిన్స్ కళాశాల 2008లో బాలికల బృందాన్ని ప్రారంభించింది. 2022లో సెయింట్ జాన్స్ తన పురాతన బృందంలోకే బాలికలను, స్త్రీలను తీసుకొన్నది. బాలుర కంఠానికే ప్రత్యేకమైన నాదగుణమున్నదని వాదించేవారు ఉన్నారు. కాని పేద బాలునికి విద్యనిచ్చే మార్గంగా మొదలైన ఏర్పాటు కాలక్రమాన అత్యుత్తమ సంగీతశిక్షణకు ద్వారమైనప్పుడు, ఆ ద్వారం సగంమందికే తెరచి ఉండటాన్ని నాదగుణం ఒక్కటే సమర్థించజాలదు.

2020లో మహమ్మారి కారణంగా మందిరంలోకి ప్రజలను రానివ్వలేదు. 1918 తరువాత అలా జరగటం అదే మొదలు. ఆరాధనను ముందుగానే రికార్డు చేయవలసి వచ్చింది. విద్యార్థి గాయకులు ఏకాంతవాసంలో ఉండటంతో, వారి బదులు కింగ్స్ సింగర్స్ అనే వృత్తి గాయకుల బృందం వచ్చి బాలుర పక్కన నిలిచింది. ఆ బృందాన్ని 1968లో స్థాపించినవారు ఈ కళాశాల గాయకులే. ఏకగళ గీతాన్ని పాడవలసిన బాలుడెవరో ఆ క్షణందాకా ప్రకటించకపోవటం అక్కడి ఆనవాయితీ. ఎర్రదీపం వెలగగానే నాయకుడు ఒకరిని చూసి సైగ చేస్తాడు. భయపడేందుకు ఆ బాలునికి వ్యవధి దొరకకూడదని ఈ ఏర్పాటు.